తూము ఎవరి చేతిలో ఉంది

2025 ఆగస్టు చివరి వారంలో ఒక తెల్లవారుజామున, మైపాడుకు దగ్గర్లో, మా బావ రొయ్యల గుంట గట్టు మీద ఇద్దరం నిలబడి ఉన్నాం. నీటికి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేని తాడు పట్టి పైకి లాగి, అందులో ఎగురుతున్న ఒక రొయ్యను టార్చి వెలుగుకు అడ్డంగా పట్టి చూపించాడు. వీపు పొడుగునా పేగు నల్లటి గీతలా ఎక్కడా తెగకుండా ఉంది. అంటే మేత బాగా తింటోందని, జబ్బేమీ లేదని అర్థం. ఆ రోజు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, పెట్టుకున్నారు, కూలీలకు చెప్పారు, ఐసుకు అడ్వాన్సు కూడా ఇచ్చారు. రాత్రి పదకొండింటికి ఏజెంటు ఫోను చేసి, కంపెనీలు సరుకు తీసుకోవడం లేదని, రేటు కూడా చెప్పడం లేదని, నాలుగు రోజులు ఆగమని అన్నాడు. ఎదిగిన రొయ్యను నాలుగు రోజులు గుంటలో ఆపడమంటే నాలుగు రోజుల మేత, నాలుగు రోజుల కరెంటు, నాలుగు రాత్రుల నిద్ర.

"యాడనో రష్యా కాడ నూనె కొన్నందుకు ఈడ నా రొయ్యకి జుల్మానా ఏంది బావా?" అని ఆయన అడిగాడు. గట్టు మీద సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటున్నాను.

జరిగింది ఇది. అమెరికా మన సరుకు మీద 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం సుంకం వేసింది. రష్యా ముడిచమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. మరీ చవకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం, ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం రొయ్యల మీద అంతకు ముందునుంచీ ఉన్నాయి, అవి వీటికి అదనం. 2024-25లో దేశం నుంచి ఎగుమతైన 62,408 కోట్ల రూపాయల సముద్రోత్పత్తుల్లో మూడింట రెండు వంతులకు పైగా విలువ రొయ్యలదే. వాటిని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా, అందరికంటే ఎక్కువగా పండించేది మన ఆంధ్ర. పోటీదారైన ఈక్వడార్ మీద అప్పుడు పడిన సుంకం 15 శాతమే. (మనం పెంచే వెనామీ జాతి రొయ్య పుట్టిల్లు ఆ పసిఫిక్ తీరమే కావడం ఇందులో చిన్న తమాషా.) తరువాత ఆ సుంకాలు ఎన్ని మలుపులు తిరిగాయన్నది వేరే కథ. ఉక్రెయిన్ యుద్ధం విషయంలో రష్యాను లొంగదీయడానికని ఒక రాజ్యం విసిరిన ఆయుధం, తుపాకీ చప్పుడు ఎన్నడూ వినని ఇందుకూరుపేట మండలం రైతు మీద వచ్చి పడిందన్నదే ఇక్కడ నాకు ముఖ్యం.

నేను నెల్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో మాకు ఇందుకు పూర్తిగా భిన్నమైన పాఠం చెప్పారు. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 జనవరి 1న మొదలైన కాలం అది. సరుకులూ పెట్టుబడులూ సరిహద్దులు దాటి తిరిగేకొద్దీ రాజ్యం పలచబడుతుందని, ఒకరితో ఒకరు బేరం పెట్టుకున్నవాళ్ళు యుద్ధం పెట్టుకోరని, భద్రత అనే మాట నెమ్మదిగా సైనికుల చేతుల్లోంచి వర్తకుల చేతుల్లోకి వెళ్ళిపోతుందని మా అధ్యాపకులు నమ్మకంగా చెప్పేవారు. ముప్పై ఏళ్ళ తరువాత చూస్తే, బేరం పెట్టుకున్నవాళ్ళు ఆ బేరాన్నే ఆయుధం చేసుకున్నారు. రాజ్యం పలచబడలేదు, చోటు మారింది. సరిహద్దు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడిన రాజ్యం పక్కనే, సరుకు, డబ్బు, సమాచారం పారే కాలువల మీద తూము తలుపు పట్టుకుని నిలబడిన మరో రాజ్యం తయారైంది. మా జిల్లాలో పుట్టినవాడికి దీన్ని వివరించడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. కాలువ ఎగువన ఉన్నవాడికి నీళ్ళు హక్కు, చివరి భూములవాడికి అవి దయ. మా చిన్నతనంలో ఊళ్ళో సర్పంచి కంటే తూము తెరిచి నీళ్ళు వదిలే కాలువ లస్కరుకు ఎక్కువమంది నమస్కారం పెట్టేవారు. ఆయన దగ్గర ఉన్నది ఒక ఇనుప తాళంచెవి మాత్రమే, కానీ నాట్లప్పుడు ఊరంతా ఆ తాళంచెవి చుట్టూ తిరిగేది.

రాజ్యానికీ సముద్ర వర్తకానికీ ఉన్న సంబంధం మన తీరానికి కొత్తది కాదు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. అక్కడ కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం సంగతి చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివి మరిచిపోయాం. దాని సారాంశం ఇది: పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకంతా బలవంతంగా లాక్కునేవారు, తాము మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీదికి వెళ్ళిన వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోము. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. ఇందులో నాకు కనిపించేది రాజుగారి దయ ఒక్కటే కాదు. సముద్రంలోని అపాయాన్ని రాజు తీసేయలేడు, కానీ ఒడ్డున తన వల్ల కలిగే అపాయాన్ని తీసేయగలడు. ఎంత తీసుకుంటాడో ముందే చెప్పి, రాతి మీద చెక్కించి, ఆ మాట మీద నిలబడటమే వర్తకుడికి రాజ్యం ఇవ్వగలిగిన భద్రత.

సుంకాల మీద, వాణిజ్యం మీద దేశాలు కుదుర్చుకున్న 1947 నాటి గాట్ ఒప్పందం, తరువాత వచ్చిన వాణిజ్య సంస్థ చేయబోయింది కూడా స్థూలంగా అదే పని. అయితే గాట్ రాసినవాళ్ళు 21వ అధికరణంలో ఒక సందు వదిలారు. దేశ భద్రతకు అవసరమని తాను భావించే చర్యలను ఏ సభ్యదేశమైనా తీసుకోవచ్చునని అది చెబుతుంది. ఆ అవసరం యుద్ధానికో, అంతర్జాతీయ సంబంధాల్లో అలాంటి అత్యవసర పరిస్థితికో ముడిపడి ఉండాలన్న షరతు ఉన్నా, చాలా దశాబ్దాలు ఆ సందులోకి వెళ్ళడానికి దేశాలు కొంత సిగ్గుపడ్డాయి. 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియం దిగుమతులనే తన భద్రతకు ముప్పుగా ప్రకటించి సుంకాలు వేయడంతో ఆ సిగ్గు పోయింది. 2025 సుంకాలకు ఆ దేశం వాడినది తన 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. తీర్పు చెప్పవలసిన వాణిజ్య సంస్థ అప్పీలు మండలికి కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయలేక, చివరికి ఖాళీ కుర్చీలతో మిగిలింది. శాసనం చెక్కిన రాయి ఉంది, దాన్ని చదివి వినిపించేవాడు లేడు.

తూముల మీద అధికారం అందరికీ సమానంగా లేదు, శాశ్వతంగానూ లేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళిన కొద్ది రోజులకే పాశ్చాత్య దేశాలు ఆ దేశపు ప్రధాన బ్యాంకులు కొన్నింటిని, దేశాల మధ్య చెల్లింపులకు బ్యాంకులు వాడే స్విఫ్ట్ సందేశ వ్యవస్థ నుంచి తీసేశాయి, రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న దాదాపు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను కదలకుండా చేశాయి. అదే ఏడాది అక్టోబరులో అమెరికా అత్యాధునిక చిప్పులు, వాటి తయారీ యంత్రాలు చైనాకు వెళ్ళకుండా ఆంక్షలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మృత్తిక లోహాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది, దాంతో మన దేశంలో వాహన తయారీదారులు కూడా ఆ లోహాలతో చేసే అయస్కాంతాల కోసం వెతుకులాడారు. ఈ మూడింట్లోనూ తూము పట్టుకున్నవాడు ఒక్క తూటా కాల్చలేదు.

అలాంటి తాళంచెవి మన దగ్గరా ఏదైనా ఉందా అని ఆలోచిస్తే చీమకుర్తి గుర్తొస్తుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ప్రపంచం మొత్తం మీద ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది. కానీ దాన్ని చూపించి మనం ఎవరినీ బెదిరించలేం, ఎందుకంటే అది దొరక్కపోతే కొనేవాడు వేరే రాయి వేసుకుంటాడు, వంటగది గట్టుకు ఏ రాయైనా గట్టే. మరొకరి దగ్గర లేకపోవడం ఒక్కటే బలం కాదు, అది లేకుండా ఎదుటివాడికి పని జరగకపోవడం బలం. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు ఒకప్పుడు అలాంటి బలాన్ని చూశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో వాల్వులకు, కండెన్సర్లకు, విమానాల స్పార్క్ ప్లగ్గులకు అభ్రకం పలకలు కావాలి, అవి ఎక్కువగా దొరికేది మన దేశంలో. యుద్ధం నడిపేవాళ్ళు మన గనుల ముందు నిలబడ్డ కాలం అది. తరువాత ట్రాన్సిస్టర్ వచ్చింది, ప్రత్యామ్నాయాలు వచ్చాయి, గిరాకీ పడిపోయింది. గూడూరు నుంచి కలిచేడు వెళ్ళే దారిలో మట్టిదిబ్బల మీద తళుక్కుమనే రేకులు ఇప్పటికీ కనిపిస్తాయి.

మనం ఎప్పుడూ చివరి భూములవాళ్ళమే అనుకోవడం కూడా నిజాయితీ కాదు. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే అయినప్పుడు ఆ ఒక్క ఉత్తర్వుతో పశ్చిమాఫ్రికాలో, ఆగ్నేయాసియాలో అన్నం తినే ఇళ్ళలో ధరలు కదిలాయి. ఆ నిషేధం 2024 సెప్టెంబరు చివరిదాకా సాగింది. దేశంలో ధరలు పెరగకూడదన్నది ప్రభుత్వం వాదన, అది తోసిపుచ్చదగిన వాదన కాదు. కానీ ఆ పదునాలుగు నెలలూ లస్కరు మనమే. సెనెగల్‌లో ఎవరో ఒక ఇల్లాలు మా బావ అడిగిన ప్రశ్నే తన భాషలో అడిగి ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నిషేధం వల్ల కొనేవాడికి మేలు జరిగితే, బయట మంచి రేటు ఉండగా అమ్ముకోలేని రైతుకు నష్టం జరుగుతుంది. అంటే తూము మూసేటప్పుడు రాజ్యం పరాయివాడికీ తనవాడికీ మధ్యే కాదు, తనవాళ్ళలోనే ఎవరిని కాపాడాలో ఎంచుకుంటుంది. భద్రత అన్న మాట వినపడగానే "ఎవరి భద్రత?" అని అడగడం నాకు అప్పటినుంచి అలవాటైంది.

రాజ్యాలు మాత్రమే తూములు మూస్తాయనుకుంటే అదీ పొరపాటే. 2023 నవంబరు 19న యెమెన్‌లోని హూతీలు అనే సాయుధ వర్గం వాళ్ళు ఎర్రసముద్రంలో గెలాక్సీ లీడర్ అనే ఓడను హెలికాప్టర్ దించి పట్టుకున్నారు. ఆ ఓడ మీద బహమాస్ జెండా ఉంది, నడిపేది జపాన్ కంపెనీ, యాజమాన్యం ఒక ఇజ్రాయెల్ వ్యాపారితో సంబంధం ఉన్న బ్రిటిష్ సంస్థ, సిబ్బంది ఫిలిప్పీన్స్, బల్గేరియా, ఉక్రెయిన్, రొమేనియా, మెక్సికోల వాళ్ళు. ఇజ్రాయెల్ మీద కోపంతో పట్టుకున్న ఆ ఓడలో ఇజ్రాయెల్ పౌరుడు ఒక్కడూ లేడు. ఏ దేశపు ఓడ మీద దాడి జరిగిందని చెప్పాలి? ఎవరు యుద్ధం ప్రకటించాలి, ఎవరి మీద? పాత అంతర్జాతీయ న్యాయం ఓడకు ఒక జెండా, జెండాకు ఒక రాజ్యం, రాజ్యానికి ఒక నౌకాదళం ఉంటాయన్న ఊహ మీద కట్టినది. చవక రిజిస్ట్రేషన్ కోసం జెండాలు అద్దెకు తెచ్చుకునే కాలంలో ఆ ఊహ చెదిరిపోయింది. పెద్ద కంపెనీల ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, ఒక్కో ప్రయాణానికి పది రోజులు, రెండు వారాలు అదనంగా పట్టింది, యూరప్‌కూ అమెరికా తూర్పు తీరానికీ వెళ్ళే రొయ్యల కంటైనర్లకు కిరాయి పెరిగింది. ఆ పెరిగిన కిరాయి ఎక్కడ తేలిందో గుంట గట్టు మీద చెప్పే రేటు చూసినవాళ్ళకు తెలుసు.

ఇంత జరిగాక ఓడలవాళ్ళు ఆశ్రయించింది మళ్ళీ రాజ్యాలనే. అమెరికా, యూరప్ నౌకాదళాలు కాపలాకు దిగాయి. మన నౌకాదళం 2024 జనవరిలో సొమాలియా దగ్గర దొంగలు ఎక్కిన లీలా నార్ఫోక్ ఓడ సిబ్బందిని కాపాడింది, మార్చిలో రూయెన్ ఓడను సొమాలియా దొంగల చేతుల్లోంచి విడిపించింది. ఆ రెండూ మన జెండా ఉన్న ఓడలు కావు. గ్లోబలీకరణ రాజ్యాన్ని అనవసరం చేస్తుందన్నవాళ్ళు ఇక్కడ ఏమంటారో వినాలని ఉంది.

మన తీరంలో రాజ్యం ఎంత లోపలికి వచ్చిందో మత్స్యకారుల పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. 2008 నవంబరులో కరాచీ నుంచి బయలుదేరినవాళ్ళు మన చేపల పడవనొకదాన్ని పట్టుకుని ముంబై చేరి, ఇంటర్నెట్ ఫోన్లలో ఆదేశాలు తీసుకుంటూ 166 మందిని చంపారు. ఆ తరువాత వేటకు వెళ్ళేవాడికి వేలిముద్రల గుర్తింపు కార్డు, పడవకు రిజిస్ట్రేషన్, తీరం వెంట మెరైన్ పోలీసు స్టేషన్లు వచ్చాయి. తాత కాలంలో చుక్కల్ని చూసి వేటకు పోయిన ఇంట్లో ఇప్పుడు కార్డు మరిచిపోతే పడవ కదలదు. ఇది తప్పనను, కానీ మూల్యం ఎవరు చెల్లించారో గుర్తుంచుకోవాలి.

ఇక ఫోను సంగతి. ఉపాధ్యాయినిగా రిటైరైన మా పెద్దమ్మకు ఒకరోజు ఉదయం వీడియో కాల్ వచ్చింది. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి, వెనక గోడ మీద ఏదో చిహ్నం. ఆమె ఆధార్ నంబరు మీద పంపిన పార్శిల్లో మత్తుమందులు దొరికాయని, కేసు తేలేదాకా కెమెరా ముందు నుంచి కదలకూడదని ఆ మనిషి శాసించాడు. ఆమె తలుపు గడియ వేసుకుని, ఫోనును వంటింటి గట్టు మీద పసుపు డబ్బాకు ఆనించి, ఆరు గంటలు అలాగే కూర్చుంది. మధ్యలో పాలవాడు పిలిస్తే పలకడానికి కూడా అనుమతి అడిగిందట. దాచుకున్న డబ్బులో సగం పోయాక అబ్బాయి దొడ్డి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్న కానిస్టేబుల్ మంచివాడు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయించాడు, కానీ డబ్బు అప్పటికే ఇంకో రాష్ట్రంలోని ఖాతాకు, అక్కడి నుంచి మరికొన్నింటికి వెళ్ళిపోయింది. "మా లిమిట్స్ ఈ బ్రిడ్జి దాకానేనమ్మా" అన్నాడు ఆయన, నవ్వుతూనే.

ఇలాంటి మోసాలు చాలావరకు మయన్మార్, కంబోడియా, లావోస్‌లలోని ముఠాల ప్రాంగణాల నుంచి నడుస్తున్నాయి. వాటిలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళి, పాస్‌పోర్టు లాక్కోబడి, కొట్టి కూర్చోబెట్టబడిన మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. మోసం చేసేవాడూ మోసపోయినవాడూ ఒకే భాషవాళ్ళు కావచ్చు, మధ్యలో మాత్రం నాలుగు దేశాలు. మయన్మార్ సరిహద్దుల్లో అంతర్యుద్ధం వల్ల రాజ్యం లేని చోట్లు ఏర్పడటం, అక్కడ ముఠాలు పాతుకోవడం, మా పెద్దమ్మ పసుపు డబ్బా ఇవన్నీ ఒకే గొలుసు. అక్కడ రాజ్యం కూలితే ఇక్కడ గడియ వేసుకున్న ఇల్లు కూడా క్షేమం కాదు. ఖాకీ చొక్కా చూడగానే భయపడే మన అలవాటే దొంగకు పెట్టుబడి అయిందన్నది నన్ను ఇంకా ఎక్కువ బాధించిన విషయం.

వీటన్నింటికీ మందు స్వావలంబనేనని, తలుపులు వేసుకుంటే సరిపోతుందని ఈ మధ్య చాలామంది అంటున్నారు. మా జిల్లా రొయ్య ఈ మాటను ఒప్పుకోదు. తొంభైల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ వచ్చి టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో ఆక్వా మీద కఠినమైన తీర్పు ఇచ్చినప్పుడు, ఎన్ని గుంటలు ఎండిపోయాయో మేము చూశాం. పరిశ్రమ మళ్ళీ లేచింది 2009లో వెనామీకి అనుమతి వచ్చాకే. దాని తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నై వచ్చి, ప్రభుత్వ క్వారంటైన్‌లో పరీక్షలు దాటి, పిల్లను పుట్టించే హేచరీలకు చేరుతాయి. ఆ క్వారంటైన్ తొట్టెలు నాకు నచ్చిన సరిహద్దు. అది తలుపు మూయదు, లోపలికి వచ్చేదాన్ని చూసి పంపుతుంది. భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఆ తొట్టెల్ని తలుచుకునేవాళ్ళు తక్కువ.

ఆ పద్ధతే మిగిలిన కాలువల మీదా కావాలన్నది నా వాదన. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడకుండా మార్కెట్లు వెతకడం రాజ్యం చేయవలసిన రక్షణ పనే. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో రొయ్యల సుంకం ఎత్తివేత ఉంది, మంచిదే, కానీ అమెరికాతో పోలిస్తే ఆ మార్కెట్ చిన్నది. అంతకంటే ముఖ్యమైన లోటు ఇంకొకటి ఉంది. ఏ చమురు కొనాలో దేశం నిర్ణయించుకోవడం సార్వభౌమాధికారం, దాన్ని నేను సమర్థిస్తాను. ఆ నిర్ణయానికి ఎదుటి రాజ్యం వేసిన జుల్మానాను మాత్రం తీరంలోని కొన్ని వేలమంది రైతుల మీద వదిలేయడాన్ని సమర్థించలేను. సరిహద్దులో సైనికుడికి గాయమైతే ఖర్చు దేశానిది. సుంకాల యుద్ధంలో గుంట గట్టు సరిహద్దు అయినప్పుడు, అక్కడ తగిలిన దెబ్బను వ్యాపార నష్టమని మాత్రమే రాసుకుంటున్నాం. మా బావ గుంటలకు బీమా లేదు, ఆయన తీసుకున్న లీజుకు కాగితం లేదు, మేత అప్పుకు మాత్రం తేదీ ఉంది.

నాలుగు రోజులన్నది పన్నెండు రోజులైంది. చివరికి ఏజెంటు చెప్పిన రేటుకే పట్టుబడి చేశారు. గుంటలు ఎండబెట్టి, సున్నం చల్లి, తరువాతి పంటకు సిద్ధం చేసేటప్పుడు మళ్ళీ వెళ్ళాను. రొయ్యపిల్ల కావాలా అని హేచరీ నుంచి ఫోన్లు వస్తున్నాయి. బావ బురదకాళ్ళతో మోటారు షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈసారి గొడవ యాడొస్తాదో నువ్వు చెప్పు బావా, దాన్నిబట్టి పిల్ల వేస్తా" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. ఆయన మూడు గుంటల్లో రెండింటికే నీళ్ళు పెట్టించాడు.